నడిమింట్లో నీళ్ళ డ్రమ్ములు

ఆదివారం సాయంత్రం ఐదింటికి కడపలో నా కూతురు కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుంటుంది, కర్నూల్లో నేను తగిలించుకుంటాను. ఆరింటి దాకా ఇద్దరం టేబుల్ టెన్నిస్ ఆడతాం. ఇద్దరి ఇళ్ళలోనూ బల్ల లేదు, బంతి లేదు. కళ్ళకు కట్టుకున్న ఆ డబ్బాలో మాత్రం అన్నీ ఉంటాయి: నున్నటి నీలం బల్ల, మధ్యలో వల, బల్లకు అటువైపు గాల్లో తేలే ఒక తల, ఒక బ్యాటు. ఆ తల నా కూతురిది. దానికి ముక్కూ చెవులూ సరిగా ఉండవు గానీ, పాయింటు గెలిచినప్పుడు పక్కకు ఒరిగే తీరు మాత్రం అచ్చం నా బిడ్డదే. చలికాలం నుంచీ వారం మొత్తంలో నేను గొంతెత్తి నవ్వేది ఆ ఒక్క గంటే.

తనూ, తన తల్లీ కడపకు వెళ్ళి ఎనిమిది నెలలైంది. "మా ఆవిడకు కడపలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది" అని బంధువులతో చెబుతుంటాను. అబద్ధం కాదు. కాకపోతే ఉద్యోగం వచ్చి వెళ్ళలేదు, వెళ్ళాలనుకుని ఉద్యోగం వెతుక్కుంది. నా నోరు మంచిది కాదు. చెయ్యెత్తే మనిషిని కాను, తాగే అలవాటు లేదు. కానీ కూరలో ఉప్పు తగ్గినా, తువ్వాలు దొరక్కపోయినా ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరుస్తాను. అరిచిన పది నిమిషాలకు మర్చిపోతాను. విన్నవాళ్ళు మర్చిపోరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు ఏదో కాగితం కనపడలేదని మొదలుపెట్టి "ఉంటే ఉండు, పోతే పో" దాకా వచ్చాను. పదిహేడేళ్ళలో ఆ మాట చాలాసార్లే అన్నాను. ఆసారి ఆమె రెండోది ఎంచుకుంది.

"ఒక ఏడాది ఈడ ఉండి చూస్తాం. తర్వాత సంగతి తర్వాత" అని కడప చేరాక ఫోన్లో చెప్పింది. అంతకుమించి ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే మళ్ళీ నోరు జారుతుందని భయం.

ఇక నా కూతురితో ఫోన్ మాటలంటే అవి మాటలే కావు. "తిన్నావా?" "తిన్నా." "చదువుతాండావా?" "చదువుతాండా." ఆ తర్వాత ఇద్దరం ఊపిరి వింటూ కూర్చోవడమే. నెలకోసారి కడపకు వెళ్ళేవాణ్ణి. మైదుకూరులో బస్సు ఆపినప్పుడు అందరూ దిగి టీ తాగుతారు. నేను సీట్లోనే కూర్చుని పాపతో ఏం మాట్లాడాలో లెక్కపెట్టుకునేవాణ్ణి. బస్టాండు దగ్గరి హోటల్లో పాపా నేనూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. తను ఐస్‌క్రీమ్‌ను చెంచాతో కెలుకుతూ కిందికి చూసేది, నేను గోడ మీది ధరల బోర్డు చదివేవాణ్ణి. పద్నాలుగేళ్ళ పిల్ల, తండ్రి ముఖంలోకి చూడలేకపోతోంది. ఆ తప్పు పిల్లది కాదు.

అందుకే తన పుట్టినరోజుకు హెడ్‌సెట్ కొన్నాను. నా దగ్గర పాతది ఒకటి ముందునుంచే ఉంది. నాది ఇళ్ళ బొమ్మలు చేసే పని. బిల్డర్లు ప్లాను కాగితం ఇస్తారు. దాన్ని నేను కంప్యూటర్లో గోడలు, కిటికీలు, సోఫాలతో సహా నిలబెడతాను. కొనేవాళ్ళు హెడ్‌సెట్ పెట్టుకుని ఇంకా కట్టని ఇంట్లో తిరిగి, "వంటిల్లు ఇరుగ్గా ఉండాది సార్" అంటారు. ఆ పని కోసం నా కంప్యూటర్‌ను ఒక్కో భాగం ఏరి ఏరి బిగించుకున్నాను. దాంట్లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఇటుకంత బరువుంటుంది. ఈ ఇంట్లో నేను ఒక్కసారి కూడా కసురుకోనిది ఏదైనా ఉందంటే అది ఆ కంప్యూటరే.

నా పాత హెడ్‌సెట్‌కు ఆ ఆటను సొంతంగా నడిపే శక్తి లేదు. ఆట అంతా కంప్యూటర్‌లో నడుస్తుంది. కంప్యూటర్ బొమ్మను తయారుచేసి రూటర్‌కు ఇస్తే, రూటర్ దాన్ని గాలిలో నా కళ్ళ దగ్గరికి పంపిస్తుంది. తీగ ఉండదు. నేను తల తిప్పితే బొమ్మ తిరగాలి, చెయ్యి ఊపితే బ్యాటు ఊగాలి, అదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. చలికాలమంతా జరిగింది. మొదటి రోజు పదకొండు పాయింట్లకు నాకు రెండే ఇచ్చి పాప ఎంత నవ్విందో! కాలేజీ రోజుల్లో నేను జిల్లా స్థాయిలో ఆడినవాణ్ణని చెప్పుకునేవాణ్ణి. "ఏ జిల్లా నాన్నా అది?" అని అడిగింది.

ముఖాలు కనపడకపోవడంలో ఏదో సుఖం ఉంది. బంతి కొడుతూ కొడుతూ తను ఎన్నో చెప్పేది. క్లాసులో ఎవరితో మాటలు లేవో, లెక్కల సార్ ఏమన్నాడో, కడపలో ఎండ ఇంకా ఎక్కువో తక్కువో. నేను వినేవాణ్ణి. బంతి మీద దృష్టి ఉంటే నోరు అదుపులో ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఉగాది దాటాక ఆట పాడైంది.

మొదట చిన్న చిన్న కుదుపులు. బంతి నా వైపు వస్తూ వస్తూ గాల్లో ఆగేది, ఆగి ఒక్కసారి నా వెనక ఉండేది. పాప తల ఒకచోట మాయమై మరోచోట తేలేది. ఆపైన బొమ్మంతా గళ్ళుగళ్ళుగా విడిపోయేది. బల్ల సగం ఉండేది, సగం నల్లగా ఉండేది. తన వైపు కూడా అంతే, నా బొమ్మ కొయ్యబారి నిలబడేదట.

"నాన్నా, ఆగిపోయినావు. నాన్నా? వినపడతాండాదా?"

"వినపడతాండాది తల్లీ, ఆడు."

"ఏం ఆడేది? నువ్వు చెయ్యి పైకెత్తి బొమ్మ మాదిరి నిలబడినావు."

కర్నూల్లో వేసవిలో ఏది చెడిపోయినా మేం మొదట ఎండను తిడతాం. బండి స్టార్ట్ కాకపోతే ఎండ, పాలు విరిగితే ఎండ, మనిషికి కోపం వస్తే ఎండ. నా బుద్ధి కూడా అక్కడే ఆగింది. ఇంత పెద్ద కార్డు, ఇంత ఎండ, వేడెక్కి మొరాయిస్తోందని తీర్మానించాను. కంప్యూటర్ పక్క పలక విప్పి, ఎదురుగా కూలర్ పెట్టాను. కిటికీలకు తడి గుడ్డలు కట్టాను. కార్డు వేడి ఎంతో చూపించే అంకె దిగింది. ఆట మాత్రం బాగుపడలేదు.

తర్వాత కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు తీసేసి మళ్ళీ వేశాను. విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాను. బొమ్మ నాణ్యత తగ్గించాను, ఎంత తగ్గించానంటే మా పాప తల ఉడికించిన బంగాళాదుంపలా తయారైంది. ఇంటర్నెట్ కేబుల్ కుర్రవాణ్ణి పిలిపించి నిలబెట్టి కేకలేశాను. వాడు ఫోన్లో వేగం కొలిచి చూపించి, "లైన్ బంగారంగా ఉండాది సార్, మీ కంప్యూటర్లోనే ఏమో ఉండాది" అన్నాడు. నా కంప్యూటర్‌ను అంటాడా అని మళ్ళీ కేకలేశాను. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో అరవడానికి ఇంకెవరూ లేక, ఆ రోజంతా గొంతు మండుతూ కూర్చున్నాను.

ఆరు యాంటెన్నాల రూటర్ తెప్పించాను. రోజుల తరబడి ఇంటర్నెట్‌లో ఎవరెవరి గోడులో చదివాను. ఎక్కడెక్కడి మనుషులో నాలాగే హెడ్‌సెట్ తల మీద పెట్టుకుని ఏడుస్తున్నారు. రూటర్ మీరు ఆడే గదిలోనే ఉండాలని అందరూ చెబుతున్నారు. అది నాకూ తెలుసు. కానీ మాది పాతబస్తీలోని అద్దె ఇల్లు, మూరెడు మందం రాతిగోడలు. మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. ముందుగదిలో పనిబల్ల, కంప్యూటర్, బల్ల కింద రూటర్. అక్కడ చెయ్యి చాపితే గోడ తగులుతుంది. ఆడాలంటే వెనకగదిలోనే జాగా. రెంటికీ మధ్య నడిమిల్లు. మూడింటి ద్వారాలూ ఒకే వరుసలో ఉంటాయి, గాలి ఇటునుంచి అటు ధారాళంగా పోతుంది. చలికాలం పాత రూటరు ఉన్నదీ అక్కడే, అవే గోడలు, అదే గది. అప్పుడు బాగున్నది ఇప్పుడెందుకు బాగుండదు? ఈ తర్కం నన్ను నెలన్నర తిప్పింది.

చివరికి ముందుగదికి ఏసీ పెట్టించాను. పదిహేడేళ్ళలో ఆ ఇంట్లో మా ఆవిడకు పెట్టించనిది కంప్యూటర్‌కు పెట్టించాను. బిగించేవాళ్ళు వెళ్ళిపోయాక, ఆ చల్లని గదిలో ఒక్కణ్ణే నిలబడి ఉంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ వారమే మా వీధికి నీళ్ళు రాలేదు. ఎక్కడో పెద్ద పైపు పగిలిందన్నారు. చలికాలంలో మాకు రోజూ పొద్దున కుళాయి వస్తుంది, ఒకటి రెండు బిందెలు పట్టుకుంటే చాలు. ఎండలు ముదిరితే మూడు రోజులకోసారి. అందుకని వేసవి మొదలవగానే ఆరు పెద్ద డ్రమ్ములు కడిగి నడిమింట్లో రాతి అరుగు మీద రెండు వరుసలుగా నిలబెడతాం. బయట పెడితే నీళ్ళు కాగిపోతాయి. నీళ్ళ రోజు ఐదింటికే లేచి, పాత నీళ్ళు పారబోసి, కొత్తవి అంచుల దాకా నింపాలి. అది మా ఆవిడ పెట్టిన పద్ధతి. ఆమె వెళ్ళాక కూడా నేను అదే చేస్తున్నాను. ఒక్కణ్ణి మూడు రోజులకు ఒక డ్రమ్ములో సగం కూడా వాడను. అయినా ఆరూ నింపేవాణ్ణి. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు.

నీళ్ళు రాని ఆ వారం వీధిలో అందరి డ్రమ్ములూ అడుగంటాయి, నావి తప్ప. పక్కింటి ముసలామె మొదట బిందె పట్టుకుని వచ్చింది. మా గోడకు ఆనుకునే వాళ్ళ ఇల్లు, భర్త పోయాక మిషను కుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. "ఏమప్పా, రెండు బిందెలు ఇస్తావా? ఖుదా నీకు మేలు జేస్తాడు" అంది. పట్టుకోమన్నాను. ఆమె వెనకే వీధి మొత్తం వచ్చింది. నాలుగు రోజులు మా ఇంట్లో చెప్పుల చప్పుడు, బిందెల చప్పుడు, ఆడవాళ్ళ మాటలు. "అన్నా, ఒక్కనివే ఉండి ఇన్ని నీళ్ళు ఎందుకు పట్టినావో గానీ మమ్మల్ని కాచినావు" అని ఒకామె అంది. ఇల్లు ఇల్లులా అనిపించింది. శనివారానికి ఆరు డ్రమ్ములూ ఖాళీ.

ఆదివారం ఆట వెన్నలా సాగింది. ఒక్క కుదుపు లేదు. పాప కొట్టిన బంతి బల్ల మూల తగిలి పైకి లేచే ఆ సన్నటి వంపు కూడా కనపడింది. నేను పదకొండు–తొమ్మిదితో గెలిచాను. "ఏసీ పెట్టించినా తల్లీ, దెబ్బకు దారికొచ్చింది!" అని అరిచాను. సంతోషంతో అరవడం కూడా నాకు వచ్చునని తనకు అప్పుడే తెలిసి ఉంటుంది.

గురువారం కుళాయి వచ్చింది. వీధంతా పండగ. నేను ఐదింటికి లేచి, ఆరు డ్రమ్ములూ అంచుల దాకా నింపాను.

తర్వాతి ఆదివారం ఆట మళ్ళీ ముక్కలైంది. ఈసారి ఇంకా ఘోరం. మూడో పాయింటు దగ్గర బొమ్మ నల్లబడి, మళ్ళీ వచ్చేసరికి పాప ఏదో చెబుతూ ఉంది, సగం మాటలే వినపడ్డాయి.

"...వద్దులే నాన్నా."

"ఏమి వద్దు?"

"పదో తరగతి ట్యూషన్ ఆదివారం సాయంత్రం పెడతాండారు. నేను రానని చెప్పినా, ఆట ఉండాదని. కానీ ఇట్ల అయితే... వచ్చే వారం కూడా ఇట్లే ఉంటే ట్యూషన్‌కు పోతాలే నాన్నా. నువ్వు ఫోన్ జేద్దువులే."

ఫోన్! "తిన్నావా, తిన్నా." హెడ్‌సెట్ తీసేశాక చాలాసేపు ఆ వెనకగదిలో నేల మీదే కూర్చున్నాను. నా బిడ్డ నా కోసం ట్యూషన్ మానుకుందని సంతోషించాలో, వారం రోజుల్లో బాగుచేయకపోతే నాకు ఇక ఆ గంట కూడా ఉండదని ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏడవడంలో సిగ్గేమీ లేదు, ఓదార్పు కూడా ఏమీ లేదు.

ఆ వారం ఒక్క బిల్డరు ఫోన్ కూడా ఎత్తలేదు. ఏసీని పద్దెనిమిదికి దించి, శాలువా కప్పుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం, చేయగలిగినవన్నీ అయిపోయాక, హెడ్‌సెట్ పెట్టుకుని ఆ అంకెల పట్టీ తెరిచాను. కళ్ళ ముందు మూలన కనపడే చిన్న పట్టీ అది. బొమ్మ నా కంటికి చేరడానికి సెకనులో వెయ్యో వంతులు ఎన్ని పడుతున్నాయో చెబుతుంది. ఇన్నాళ్ళూ నేను మొత్తం అంకె ఒక్కటే చూసి కంప్యూటర్ మీద పడ్డాను. ఆ రోజే విడివిడిగా చదివాను. బొమ్మ తయారీకి ఎనిమిది. దాన్ని చిన్నగా కుదించడానికి ఆరు. ఇక్కడ విప్పడానికి తొమ్మిది. గాలిలో రావడానికి నూటపదిహేను.

కంప్యూటర్ తన పని తాను నిమిషం ఆలస్యం లేకుండా చేస్తూనే ఉంది. దాన్ని అనుమానించినందుకు చెంపలేసుకోవాలనిపించింది. ఎక్కడో దారిలో బొమ్మ చిక్కుకుంటోంది. ఆ దారి ఎక్కడుందో చూద్దామని హెడ్‌సెట్ తీయకుండానే, చుట్టూ ఉన్నది కనపడేలా పెట్టుకుని ముందుగది వైపు నడిచాను. వెనకగది గడప దగ్గర ఆ గాలి అంకె నూటపది. నడిమింట్లో అడుగు పెట్టాను, నూట ఇరవై. డ్రమ్ములు దాటాను.

ఏడు.

నాలుగడుగులు వెనక్కి వేశాను. నూటపది. మళ్ళీ ముందుకు. ఏడు. డ్రమ్ముల వెనక వంగాను, పెరిగింది. మునివేళ్ళ మీద లేచి వాటి పైనుంచి తల బయటపెట్టాను, కాస్త తగ్గింది. ఆ మధ్యాహ్నం ఎవరైనా తలుపు తోసుకుని వచ్చి ఉంటే, ముఖానికి డబ్బా కట్టుకుని నీళ్ళ డ్రమ్ముల వెనక గుంజీళ్ళు తీస్తున్న యాభై ఏళ్ళ మనిషిని చూసి జడుసుకుని పారిపోయేవాళ్ళు.

నీళ్ళు! రాతిగోడల సంగతి తెలిసి కూడా, ద్వారాలు వరుసలో ఉన్నాయి కదా అని ధీమాగా ఉన్నాను. ఆ వరుసకు అడ్డంగా ఆరు డ్రమ్ముల నీళ్ళు నేనే నిలబెట్టాను. రూటర్ పంపే తరంగాలను నీళ్ళు మింగేస్తాయని ఇంటర్నెట్‌లో ఎవరో చేపల తొట్టె గురించి రాస్తే చదివాను, మన ఇంట్లో చేపలెక్కడివని వదిలేశాను. చలికాలం డ్రమ్ములు లేవు, ఆట బాగుంది. కుళాయి రాని వారం డ్రమ్ములు ఖాళీ, ఆట బాగుంది. అంతా కళ్ళ ముందే ఉంది. కానీ ఊరు మునిగిన ఆ ఒక్క వరద ఏడాది తప్ప, నీళ్ళు ఎక్కువై ఇబ్బంది అయిందని మా ఊళ్ళో ఎవరికైనా తోస్తుందా? ఇంట్లో నీళ్ళు నిండుగా ఉంటే అది ధైర్యం. దాన్ని తప్పుగా చూడటం నాకు చేతకాలేదు.

తీగ పొడవుది తెచ్చి రూటర్‌ను వెనకగదిలోకి లాగవచ్చు. కిటికీలోంచి బయటికి తీసి, ఇల్లు చుట్టి తేవాలి. రేపే ఆదివారం. నాకు అంత ఓపిక ఏనాడూ లేదు. దొంగ దొరికాడు, బయటికి ఈడ్చేయాలి, అంతే. వీధిలో వాళ్ళను, పక్కింటామెను పిలిచి నీళ్ళు పట్టుకోమన్నాను.

ఆమె నాలుగు బిందెలు మోశాక నడుం పట్టుకుని నడిమింట్లో నిలబడింది. నేను ఖాళీ డ్రమ్ములు ఒక్కొక్కటే మిద్దె మీదికి ఎక్కిస్తున్నాను.

"ఏమప్పా, ఇల్లు ఖాళీ జేస్తాండావా?"

"లేదమ్మా. ఆట కోసం."

"ఆటకు నీళ్ళతో ఏం పని బేటా?"

చెప్పబోయాను. రూటరు, తరంగాలు, కడప. ఆమె తల ఊపుతూ విని, "పోనీలే, ఒక్కనికి అన్ని ఎందుకు" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. రెండు డ్రమ్ములు ఉంచాను, వాటిని కూడా మూలకు జరిపాను. నాలుగు మిద్దె మీద బోర్లించాను. నడిమిల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. తడి ఆరని నేల మీద గుండ్రటి మచ్చలు కాసేపు కనపడి, ఎండకు ఆరిపోయాయి.

ఆదివారం ఐదింటికి తల మీద హెడ్‌సెట్ పెట్టుకున్నాను. పాప వచ్చింది. మొదటి బంతి కొట్టింది. వచ్చింది, బల్లకు తగిలింది, లేచింది, నా బ్యాటుకు తగిలి తిరిగి వెళ్ళింది. రెండోది, మూడోది. ఇరవై, ముప్పై దెబ్బల దాకా ఇద్దరం పాయింటు సంగతే మర్చిపోయి ఊరికే కొడుతూ ఉన్నాం. అటువైపు నుంచి తన నవ్వు, ఊపిరి, నేల మీద తన కాళ్ళ చప్పుడు కూడా వినపడుతున్నాయి.

"బాగుండాది నాన్నా! శానా బాగుండాది! ఏం జేసినావు?"

"అయితే ట్యూషన్‌కు పోవు కదా?"

"పొద్దున బ్యాచ్ కూడా ఉండాదిలే, మారతా. చెప్పు, ఏం జేసినావు? ఇంకో ఏసీ పెట్టినావా?"

గర్వంగా చెప్పాను. అంకెల పట్టీ, గుంజీళ్ళు, చేపల తొట్టె, అన్నీ. తను పడీపడీ నవ్వింది. "మన డ్రమ్ములా? మన డ్రమ్ములు మింగినాయా నన్ను?" అంది.

"మింగినాయి. అందుకే నాలుగింటిని ఖాళీ జేసి మిద్దె మీదికి ఎక్కించినా. రెండే పెట్టుకున్నా. ఒక్కనికి రెండు శానా."

తను బంతి చేతిలో పట్టుకుని ఉంది. సర్వ్ చేయలేదు. ఆగిపోయిందేమో అనుకుని పట్టీ వైపు చూశాను. ఏడు. ఆగలేదు. తల కొద్దిగా పక్కకు వంగి ఉంది, బ్యాటు మెల్లగా కిందికి దిగింది. ఆ దిగడం నాకు ఎక్కడా తెగకుండా కనపడింది.

"మావి గూడా తీసేసినావా?" అంది.

"మీవి, మావి అని ఉంటాయా తల్లీ డ్రమ్ములకు..."

"రెండు పెట్టుకున్నావంటే, మేము వస్తే నీళ్ళు ఎట్ల?"

దేనికైనా టక్కున ఎదురు చెప్పే నోరు ఇది. మిద్దె మీద ఉన్నవి రెండు నిమిషాల్లో దించవచ్చని, తీగ తెచ్చి రూటర్‌ను మారుస్తానని, ఎన్నో చెప్పవచ్చు. ఒక్కటీ రాలేదు. వాళ్ళు రారని నేను ఎప్పుడు తేల్చుకున్నానో నాకే తెలియదు. అసలు తేల్చుకున్నానని కూడా ఆ క్షణం దాకా తెలియదు.

తనే గొంతు తగ్గించి మాట్లాడింది. పక్కగదిలో ఎవరో ఉన్నట్టు.

"నాన్నా, అమ్మతో చెప్పాకు, తీసేసినావని."

"ఎందుకమ్మా?"

"అమ్మ అడుగుతాంటాది. ఆట అయిపోయినాక ప్రతిసారీ అడుగుతాది, 'మీ నాయన డ్రమ్ములన్నీ నింపుతాండాడా?' అని. ఆరూ నింపుతాండాడు అని చెప్తాంటా."

తర్వాత తను బంతి ఎగరేసి సర్వ్ చేసింది. బంతి వల దాటి, నా వైపు బల్ల మీద ఒకసారి తగిలి, ఎక్కడా ఆగకుండా నా పక్క నుంచి వెళ్ళిపోయింది. నేను బ్యాటు ఎత్తలేదు.

"నాన్నా? ఆగిపోయినావా?" అంది తను.

"లేదు తల్లీ, ఈడనే ఉండా" అన్నాను.